మట్టి కల్వం

తెలుగు వంటింట్లో ‘పొడి చేయడం’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నవారు పూర్వం లేరు. ధాన్యాన్ని దంచేవారు. నానిన పప్పును రుబ్బేవారు. పిండిని విసిరేవారు. మందును, మసాలాను నూరేవారు. ఈ నాలుగు క్రియలూ వేరువేరు పనులను తెలుపుతాయి. దంచడమంటే రోకలిని ఎత్తి బలంగా పోటు వేయడం. రుబ్బడమంటే తడిసిన పదార్థాన్ని బరువైన పొత్రంతో తిప్పి తిప్పి మెత్తగా చేయడం. విసరడమంటే తిరగలి రాళ్ళ మధ్య గింజను నలగగొట్టడం. నూరడమంటే రాతికీ రాతికీ నడుమ పదార్థాన్ని అదిమి, రాచి, దాని సారాన్ని వెలికి తీయడం. ప్రతి క్రియకూ తగిన పనిముట్టును మన పెద్దలు ఏర్పరచుకున్నారు. దంచడానికి రోలు, రోకలి, రుబ్బడానికి రుబ్బురోలు, విసరడానికి తిరగలి, నూరడానికి సన్నికల్లు, కల్వం. వైద్యుడు మూలికలను నూరే చిన్న గిన్నె వంటి రాతి పాత్రకు కల్వమని పేరు. వంటింట్లో వెల్లుల్లి, మిరియం, ఆవ నూరుకొనే చిన్న రోలు కూడా ఈ కల్వం జాతికి చెందినదే.

రోలు కేవలం పనిముట్టు కాదు. అది తెలుగువారి జీవితంలో ఒక భాగం. చిన్నికృష్ణుణ్ణి యశోద కట్టివేసినది రోటికే. సంస్కృతంలో దానికి ఉలూఖలమని పేరు. పెళ్ళి పనులు పసుపు దంచడంతో ప్రారంభమవుతాయి. ఆనాడు రోలుకు, రోకలికి పసుపు పూసి కుంకుమ పెడతారు. వడ్లు దంచే స్త్రీలు శ్రమను మరచిపోవడానికి పాడుకొన్న దంపుళ్ళ పాటలు మన జానపద సాహిత్యంలో ఒక ప్రత్యేక శాఖగా నిలిచాయి. “రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవనేల” అన్న సామెత తెలియని తెలుగువారు అరుదు. విద్యుత్తుతో నడిచే మిక్సీలు, గ్రైండర్లు వచ్చిన తరువాత దంచడం, రుబ్బడం, విసరడం ఇళ్ళలో చాలావరకు తగ్గిపోయాయి. కాని నూరడం మాత్రం పూర్తిగా పోలేదు. నాలుగు వెల్లుల్లి రెబ్బల కోసం, చిటికెడు మిరియాల కోసం మిక్సీని ఎవరూ తీయరు. అందువలన ఇంట్లో చిన్న కల్వం అవసరం నేటికీ మిగిలి ఉంది.

నూరడం వలన పదార్థానికి రుచి ఎందుకు కలుగుతుందో తెలుసుకోవడం ఆసక్తికరం. ఆవగింజను నోట వేసుకొంటే మొదట ఘాటు తెలియదు. దానిని తడిపి నూరినప్పుడే ముక్కుపుటాలు అదిరే ఘాటు పుడుతుంది. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక చోట, మైరోసినేస్ అనే ఎంజైము వేరొక చోట ఉంటాయి. గింజ నలిగి కణాలు పగిలినప్పుడు నీటి సహాయంతో ఆ రెండూ కలుస్తాయి. ఆ కలయిక వలన ఘాటైన నూనె పుడుతుంది. వెల్లుల్లి విషయం కూడా ఇటువంటిదే. నలిగిన వెల్లుల్లికి ఉన్న వాసన నలగని రెబ్బకు ఉండదు. మిక్సీ మరలు పదార్థాన్ని ముక్కలుగా కోస్తాయి. కల్వం కణాలను అదిమి చిదుముతుంది. ఆవ పెట్టిన కూరను ఇష్టపడే ఇళ్ళలో ఆవను చేత్తో నూరాలన్న పట్టుదల వెనుక ఇంత శాస్త్రం ఉంది.

కల్వాన్ని సాధారణంగా రాతితో చేస్తారు. దానిని మట్టితో చేయవచ్చునా? చేస్తే అది నిలుస్తుందా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి మట్టి, రాయి, సముద్రం ఒక్కచోట కలిసే భోగాపురం ప్రాంతం నుండి బయలుదేరుదాం.

నేల స్వభావం - కుమ్మరి విద్య

భోగాపురం విజయనగరం జిల్లాలో జాతీయ రహదారిపై ఉన్న ఊరు. 2023 మే 3న అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన చోటుగా ఈ పేరు నేటి తరానికి పరిచయం. అంతకుముందు నుండి ఈ ప్రాంతం జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలకు ప్రసిద్ధి. తూర్పున బంగాళాఖాతం, పడమట తూర్పు కనుమల కొండలు ఉన్నాయి. ఆ కొండలలో విస్తారంగా కనిపించే శిలకు ఖోండలైట్ అని పేరు. ఆ కొండలలో నివసించే ఖోండు జాతివారి పేరు మీదుగా 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. యుగయుగాలుగా ఎండకు, వానకు ఆ శిలలు శిథిలమై మట్టిగా మారాయి. వాటిలోని గట్టి ఖనిజాలైన గార్నెట్, సిల్లిమనైట్ రేణువులు ఏరుల వెంట కొట్టుకొని వచ్చి భీమునిపట్నం, భోగాపురం తీరాల ఇసుకలో చేరాయి. మట్టి అంటే పూర్వం కొండయే అన్న సత్యం ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఈ మట్టితో పాత్రలు చేయడం ఉత్తరాంధ్రకు కొత్త విద్య కాదు. శ్రీకాకుళం జిల్లాలో వంశధార నది ఒడ్డున శాలిహుండం అనే ప్రాచీన బౌద్ధ క్షేత్రం ఉంది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడైన గిడుగు వేంకట రామమూర్తి 1919లో ఆ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చాడు. అక్కడి తవ్వకాలలో స్తూపాలు, విగ్రహాలతో పాటు అక్షరాలు చెక్కిన కుండ పెంకులు లభించాయి. రాజుల శాసనాలు రాళ్ళపై ఉంటే, సామాన్యుల వాడుక వస్తువులపై అక్షరాలను దాచి మనకు అందించినది కుమ్మరి మట్టి. ఈనాటికీ గ్రామాలలో పెళ్ళికి అరివేణి కుండలు కుమ్మరి ఇంటి నుండే రావాలి. వేసవిలో చల్లని నీటికి కుండ కావాలి. అయితే స్టీలు, ప్లాస్టిక్ పాత్రలు వచ్చిన తరువాత కుండల వాడకం క్షీణించి, ఏడాదిలో కొన్ని నెలలు తప్ప కుమ్మరికి పని దొరకని పరిస్థితి పలుచోట్ల ఏర్పడింది. కొత్త వస్తువు ఒకటి చేతికి వస్తే ఆ వృత్తికి కొత్త ఊపిరి వస్తుంది. అందుకే మట్టి కల్వం గురించిన ఆలోచన వేడుక కొరకు చేసే ఆలోచన కాదు.

కుండ గుణం కల్వానికి దోషం

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కుండను గొప్పగా చేయగల కుమ్మరి అదే మట్టితో, అదే ఆవంలో కల్వాన్ని చేస్తే అది పనికిరాదు. ఎందుకంటే కుండకు గుణమైనది కల్వానికి దోషమవుతుంది.

కుండ గోడలలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటి గుండా నీరు మెల్లగా వెలుపలికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు లోపలి నీటి నుండి వేడిని గ్రహిస్తుంది. కుండ నీరు చల్లగా ఉండటానికి కారణం ఇదే. కాని ఆ రంధ్రాలే కల్వంలో ఉంటే, నూరిన అల్లం రసం, చింతపండు పులుపు, నూనె వాటిలోకి ఇంకి పోతాయి. ఎంత కడిగినా పోక మురిగి వాసన వేస్తాయి. అంతకంటె పెద్ద దోషం మరొకటి ఉంది. తక్కువ వేడిమిలో కాలిన మట్టి మెత్తనిది. పొత్రంతో రాచిన ప్రతిసారీ గోడ కొంచెం అరిగి ఆ పొడి పచ్చడిలో కలుస్తుంది. కుండకు లోపముంటే నీరు కారుతుంది, అందరికీ తెలుస్తుంది. కల్వానికి లోపముంటే అది అన్నంలో కలిసి తినేవారి కడుపులోకి పోతుంది; ఎవరికీ తెలియదు. కాబట్టి కల్వం చేసేవాడికి నేర్పుతో పాటు నిజాయితీ కూడా కావాలి.

ఈ దోషాన్ని పోగొట్టేది నిప్పు. గ్రామాలలోని ఆవంలో సాధారణంగా 700 నుండి 900 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి పుడుతుంది. ఆ వేడిలో మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొంటాయే గాని వాటి నడుమ ఖాళీలు పూడవు. వేడి 1200 డిగ్రీలు దాటినప్పుడు తగిన మట్టిలోని కొన్ని ఖనిజాలు కరిగి గాజువలె మారి ఆ ఖాళీలలో నిండుతాయి. అదే సమయంలో ముల్లైట్ అనే సూదుల వంటి స్ఫటికాలు ఏర్పడి పాత్రకు బలమిస్తాయి. మన తీరపు ఇసుకలో కనిపించే సిల్లిమనైట్ కూడా తీవ్రమైన వేడిలో ఈ ముల్లైట్‌గానే మారుతుంది. ఈ విధంగా మట్టి మరల రాయి అవుతుంది. కొండ మట్టి కావడానికి లక్షల ఏళ్ళు పడితే, ఆ మట్టిని రాయిగా మార్చడానికి బట్టీకి ఒకటి రెండు రోజులు చాలు. ఊరగాయలు నిలువచేసే జాడీలు ఈ విధంగా కాలినవే. ఉప్పు, పులుపు, నూనె ఏళ్ళ తరబడి ఉన్నా జాడీ ఊరకపోవడానికి ఇదే కారణం. కల్వానికి జాడీ బంధువు, కుండ కాదు.

ఇతర దేశాలవారు కూడా ఈ విషయాన్ని తమ అనుభవంతో గ్రహించారు. ఇంగ్లండులో 18వ శతాబ్ది చివరి భాగంలో జోసయా వెడ్జ్‌వుడ్ అనే ప్రసిద్ధ కుమ్మరి మెరుపు పూత లేని గట్టి పింగాణీ కల్వాలను రసాయన శాస్త్రజ్ఞుల కొరకు, ఔషధశాలల కొరకు తయారుచేశాడు. జపాను వంటిళ్ళలో ‘సురిబాచి’ అనే మట్టి గిన్నె ఉంటుంది. దాని లోపలి వైపున దువ్వెనతో గీసిన గీతలుంటాయి. ఆ గీతలపై నువ్వులను కొయ్య పొత్రంతో నూరుతారు. థాయిలాండులో పచ్చి బొప్పాయి పచ్చడిని మట్టి రోటిలో కొయ్య రోకలితో మెల్లగా దంచుతారు. మట్టి పాత్రకు కొయ్యను జతచేయడంలో ఒక మెలకువ ఉంది. కొయ్య దెబ్బను తాను కొంత భరించి పాత్రను కాపాడుతుంది.

మట్టి సిద్ధం చేయడం

కల్వానికి మొదట కావలసినది తగిన మట్టి. చెరువులో దొరికే ఎర్రని కుండమట్టిలో ఇనుము ఎక్కువ. వేడి 1100 డిగ్రీలు దాటితే అటువంటి మట్టి చాలావరకు ఉబ్బి, వంకరలు తిరిగి, కరగడం మొదలుపెడుతుంది. అందువలన చీనామట్టి, సాగే గుణం గల బంకమట్టి, పలుగురాయి పొడి, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు పొడి కలిపిన మిశ్రమాన్ని వాడాలి. ఈ నాలుగింటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని ఉంది. చీనామట్టి వేడిని తట్టుకొంటుంది. బంకమట్టి చేతికి లొంగుతుంది. పలుగురాయి పాత్రకు ఎముక వలె నిలుస్తుంది. ఫెల్డ్‌స్పార్ కరిగి అన్నింటినీ బంధిస్తుంది. వీటిలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ నెల్లూరు ప్రాంతపు అభ్రకం గనుల సమీపంలో లభిస్తాయి. ఈ పొడులను ఎండుగా కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పలుగురాయి ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

మందమైన పాత్ర పగలకుండా ఆరాలంటే మట్టిలో కొంత గరుకు పదార్థం ఉండాలి. దానికై కాల్చిన పెంకును మెత్తగా దంచి కలుపుతారు. సముద్ర తీరవాసులకు చేతికి అందే ఇసుకను కలుపుదామనిపించడం సహజం. కాని అది తప్పు. తీరపు ఇసుకలో ఉప్పు, గవ్వల ముక్కలు ఉంటాయి. గవ్వలను, ఆల్చిప్పలను కాల్చి గుల్లసున్నం తీయడం మన తీరంలో పూర్వం నుండి ఉన్నదే. పాత్రతో పాటు బట్టీలో కాలిన గవ్వముక్క కూడా అదేవిధంగా సున్నమవుతుంది. పాత్ర బయటికి వచ్చాక ఆ సున్నం గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. కొన్ని రోజుల తరువాత ఎవరూ ముట్టుకోకుండానే పాత్రపై పెచ్చు ఊడిపోతుంది. గవ్వ చిన్నదే, కాని అది చేసే నష్టం చిన్నది కాదు.

కలిపిన మట్టిని కొన్ని రోజులు తడిగా మగ్గనిచ్చి, తరువాత బాగా పిసకాలి. పిసకడమంటే మట్టిని మెత్తబరచడం మాత్రమే కాదు. లోపల చిక్కుకొన్న గాలిని వెళ్ళగొట్టి, తేమను అంతటా సమానం చేయడం. చపాతీ పిండి వలె నొక్కి, మడిచి, మరల నొక్కాలి. ముద్దను తీగతో కోసి చూసినప్పుడు కోసిన ముఖం మీద గాలి గుంటలు కనిపించకూడదు.

సారె మీద కల్వం

ఒక మోస్తరు కల్వానికి సుమారు రెండు కిలోల మట్టి పడుతుంది. ముద్దను సారె నడుమ నిలిపి, తడి చేతులతో అదిమి, బొటనవేళ్ళతో గుంట చేయాలి. కుండ చేసేటప్పుడు గోడను పలుచన చేయడం నేర్పు. కల్వం చేసేటప్పుడు గోడను మందంగా నిలపడం నేర్పు. అడుగు రెండు సెంటీమీటర్లు, గోడ ఒకటిన్నర సెంటీమీటరు మందం ఉండాలి. అడుగు బరువుగా ఉంటే నూరేటప్పుడు పాత్ర కదలదు. లోపలి భాగం బంతిని సగానికి కోసినట్లు గుండ్రంగా ఉండాలి. అడుగుకు, గోడకు నడుమ మూల ఏర్పడితే మిరియం అందులో దాగి పొత్రానికి అందదు. గుండ్రని కొబ్బరిచిప్ప ముక్కను లోపల ఆనించి సారె తిప్పితే ఆ వంపు చక్కగా కుదురుతుంది. అంచు కొంచెం లోపలికి వంగి ఉంటే గింజలు ఎగిరిపడవు.

మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. ఆ తగ్గుదల మట్టిని బట్టి సాధారణంగా నూటికి 10 నుండి 13 పాళ్ళు ఉంటుంది. నూటికి 12 పాళ్ళు తగ్గే మట్టితో 15 సెంటీమీటర్ల వెడల్పున చేసిన కల్వం కాలిన తరువాత సుమారు 13 సెంటీమీటర్లకు వస్తుంది. కాబట్టి కావలసిన కొలత కంటె పెద్దదిగా చేయాలి.

ఒక రోజు నీడలో ఉంచిన తరువాత పాత్ర ఆకారం చెదరనంత గట్టిపడుతుంది. కాని లోపల తేమ ఇంకా ఉంటుంది. ఆ దశలో దానిని సారెపై బోర్లించి అడుగును చెక్కి చదును చేయాలి. లోపలి వైపున దువ్వెన పళ్ళతో సన్నని గీతలు గీయాలి. నూరే పదార్థం జారిపోకుండా ఆ గీతలు పట్టి ఉంచుతాయి. గీతలు మరీ లోతైతే వాటిలో ఇరుకున్నది కడిగినా పోదు.

పొత్రాన్ని కూడా అదే మట్టితో చేయాలి. వేరు మట్టితో చేస్తే ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా అయి, మెత్తనిది త్వరగా అరిగిపోతుంది. చేతి పిడికిలికి సరిపోయే మట్టి కడ్డీని దొర్లించి, ఒక చివరను గుండ్రని తలగా తీర్చాలి. ఆ తల వంపు కల్వం లోపలి వంపుకు దగ్గరగా, కొంచెం చిన్నదిగా ఉండాలి. రెండూ ఎంత ఎక్కువగా ఒరసుకొంటే నూరడం అంత సులువు. పొత్రం నిండు ముద్ద కనుక దాని నడుమ తేమ తొందరగా పోదు. పచ్చిగా ఉన్నప్పుడే పైచివర నుండి తల దాకా సన్నని పుల్లతో పొడుగునా రంధ్రం చేస్తే ఆవిరికి దారి ఏర్పడుతుంది. రంధ్రం తలకు అవతలి వైపున బయటపడకూడదు.

ఓర్పు, నిప్పు

మందమైన పాత్రకు తొందర శత్రువు. గాలి తగిలిన అంచు ముందుగా ఆరి కుంచించుకొంటుంది. తడిగా ఉన్న అడుగు ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ రెండింటి పెనుగులాటలో బీట పడుతుంది. అందుచేత పాత్రపై తడి గుడ్డో, ప్లాస్టిక్ కాగితమో కప్పి, రోజురోజుకు కొంచెం కొంచెం తెరుస్తూ ఒకటి రెండు వారాలు నీడలో ఆరబెట్టాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉండే రోజులలో ఇంకా ఆలస్యమవుతుంది. చెక్కిలికి ఆనించినప్పుడు చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్లే.

పాత్రను రెండుసార్లు కాలుస్తారు. మొదటిసారి 900 నుండి 1000 డిగ్రీల వరకు కాలుస్తారు. ఇందులో మొదటి కొన్ని గంటలు నూరు డిగ్రీలలోపు వేడిలో నిదానంగా ఉంచడం అత్యవసరం. తొందరపడితే లోపలి తేమ ఆవిరై, బయటకు దారి లేక పాత్రను పేల్చివేస్తుంది. ఒక పాత్ర పేలితే దాని ముక్కలు ప్రక్కనున్న పాత్రలను కూడా పాడుచేస్తాయి. 573 డిగ్రీల వద్ద మరొక గండం ఉంది. అక్కడ పలుగురాయి స్ఫటికాలు ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి. చల్లారేటప్పుడు అదే చోట సంకోచిస్తాయి. వేడిని పెంచేటప్పుడు, తగ్గించేటప్పుడు ఈ మెట్టును మెల్లగా దాటాలి.

మొదటి కాల్పు తరువాత గాజు వంటి మెరుపు పూత వేస్తారు. కల్వానికి ఈ పూత వెలుపలి వైపు మాత్రమే వేయాలి. లోపలి వైపు, పొత్రం తలకు పూత వేయకూడదు. నున్నని పూత మీద గింజ జారిపోతుంది. అంతేకాక నూరేటప్పుడు పూత పెచ్చులు లేచి ఆహారంలో కలిసే ప్రమాదం ఉంది. పూతలో సీసం గాని, కాడ్మియం గాని ఉండకూడదు. సీసం చేర్చితే పూత తక్కువ వేడికే కరిగి చక్కగా మెరుస్తుంది. అందుకే ఆ ఆకర్షణ. కాని చింతపండు, నిమ్మరసం వంటి పులుపు తగిలినప్పుడు ఆ సీసం ఆహారంలోకి దిగుతుంది. ముఖ్యంగా పిల్లల మెదడు ఎదుగుదలకు అది చేటు. శరీరంలో సీసం ఎంత ఉన్నా ఫరవాలేదని చెప్పగలిగే పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. మెరుపు కోసం ఆరోగ్యాన్ని తాకట్టు పెట్టడం శిల్పికి తగదు.

ఈ సందర్భంలో ఉత్తరాంధ్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక గ్రామం లక్క పూసిన కొయ్య బొమ్మలకు ప్రసిద్ధి. పసిపిల్లలు బొమ్మను నోట పెట్టుకొంటారు కదా! సి.వి. రాజు అనే కళాకారుడు రసాయన రంగులకు బదులుగా చెట్ల నుండి, గింజల నుండి తీసిన సహజ వర్ణాలను ఆ బొమ్మలకు తిరిగి అలవాటు చేశాడు. ఆయనకు 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. బొమ్మ పిల్లల నోటికి, కల్వం అందరి కంచానికి దగ్గరైన వస్తువులు. వాటిని చేసేవారికి అందంతో పాటు ఆరోగ్యం కూడా ధర్మమే.

రెండవ కాల్పు 1200 డిగ్రీలకు పైన జరుగుతుంది. ఆవంలో కట్టెలు, పిడకలు పేర్చి ఆ వేడిని సాధించడం సాధ్యం కాదు. దానికి మూసిన బట్టీ కావాలి. వేడిని కొలవడానికి నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద వంగిపోయే చిన్న మట్టి శంకువులను పాత్రల ప్రక్కన నిలుపుతారు. శంకువు తల వంచితే కాల్పు పూర్తయినట్లు. ఆపైన కూడా బట్టీ తలుపు తెరవడానికి తొందరపడకూడదు. వేడిగా ఉన్న పాత్రకు చల్లగాలి సోకితే అది పగులుతుంది.

పరీక్ష, వాడుక

బయటికి తీసిన కల్వాన్ని నమ్మడానికి ముందు పరీక్షించాలి. వ్రేలి కణుపుతో తట్టినప్పుడు ఖంగుమని మోగాలి. మొద్దు శబ్దం వస్తే బీట ఉన్నట్లు. తరువాత పొడిగా ఉన్న పాత్రను తూచి, ఒక రోజంతా నీటిలో ఉంచి, పైతడి తుడిచి మరల తూచాలి. ఉదాహరణకు పొడిగా 1500 గ్రాములున్న కల్వం నానిన తరువాత 1530 గ్రాములుంటే అది 30 గ్రాముల నీటిని, అంటే నూటికి రెండు పాళ్ళు మాత్రమే పీల్చినట్లు. అది చక్కగా కాలినదే. 1700 గ్రాములకు చేరితే దాని రంధ్రాలు పూడలేదని అర్థం. అటువంటి దానిని పూలకుండీగా వాడుకోవచ్చు, వంటింటికి పంపరాదు.

పరీక్షలో నెగ్గిన కల్వంలో పిడికెడు బియ్యం వేసి నూరాలి. మొదట వచ్చే పిండి బూడిద రంగులో ఉండవచ్చు. దానిని పారబోసి, తెల్లని పిండి వచ్చేదాకా రెండు మూడుసార్లు నూరాలి. దానితో గరుకు గోడపై వదులుగా ఉన్న రేణువులు పోతాయి. తరువాత ఉప్పుతో రుద్ది కడిగి ఆరబెట్టి వాడుకోవచ్చు.

వాడేటప్పుడు మనం మొదట చెప్పుకొన్న క్రియల భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఈ కల్వం నూరడానికి పుట్టినది, దంచడానికి కాదు. కాలిన మట్టి గట్టిదే గాని పెళుసైనది. అదుము ఎంతైనా భరిస్తుంది, పోటును భరించదు. ఎండు పసుపుకొమ్మును దీనిలో వేసి పొత్రంతో పొడిస్తే పగిలేది పసుపుకొమ్ము కాదు, కల్వం. దానికి రోలు, రోకలి ఉన్నాయి. మిరియాలు, జీలకర్ర, ఆవాలు, అల్లం, వెల్లుల్లి వంటి వాటిని పొత్రంతో అదిమి, గోడకు రాస్తూ గుండ్రంగా తిప్పాలి. పొయ్యిపై నుండి దించిన వేడి పదార్థాన్ని ఇందులో వేయడం కూడా మంచిది కాదు. మాట తెలిసినవాడికి పనిముట్టు తెలుస్తుంది. దంచు, నూరు అనే మాటల తేడా మరచిన ఇంట్లో కల్వం ఎంతోకాలం నిలువదు.

మారవలసినది ఆవం

చేతివృత్తులవారి కొరకు భారత ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. అందులో చేర్చిన 18 వృత్తులలో కుమ్మరం కూడా ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సహాయం, తక్కువ వడ్డీకి రుణం ఆ పథకంలోని అంశాలు. విద్యుత్తుతో తిరిగే సారె వచ్చి కుమ్మరి భుజాలకు శ్రమ తగ్గింది. కాని సారె మారినంత మాత్రాన కుండ జాడీ కాదు. కల్వం వంటి కొత్త వస్తువు చేయాలంటే మారవలసినది నిప్పు. పెద్ద వేడినిచ్చే బట్టీ ఖరీదైనది. దానికి ఇంధనం కూడా ఎక్కువ కావాలి. ఒక్క కుటుంబం దానిని భరించడం కష్టం. పది కుటుంబాలు కలిసి ఒక ఉమ్మడి బట్టీని నిర్వహించుకొంటే, నెలకు ఒకటి రెండు కాల్పులతో అందరి సరుకూ కాలుతుంది. పూర్వం ఊరికంతటికీ ఒక చెరువు ఉండి అందరికీ మట్టి ఇచ్చినట్లు, ఈనాడు ఒక బట్టీ ఉండి అందరికీ నిప్పు ఇవ్వగలదు. మట్టి మిశ్రమం, కాల్పు, పరీక్ష అనే మూడు విషయాలను శాస్త్రీయంగా నేర్చుకొన్న యువకులు తోడైతే ఆ ప్రయత్నం ఫలిస్తుంది.

మట్టితో పని చేసేవారిని చిన్నచూపు చూడటం మన సమాజంలో ఉన్న ఒక దురలవాటు. ఒక కల్వం వెనుక భూగర్భ శాస్త్రం, రసాయన శాస్త్రం, గణితం, ఓర్పు, నిజాయితీ అన్నీ ఉన్నాయని తెలిసినప్పుడు ఆ చూపు మారుతుంది. శాలిహుండంలో దొరికిన పెంకులను చేసిన కుమ్మరి పేరు మనకు తెలియదు. కాని అతని పని రెండు వేల ఏళ్ళు దాటి మన చేతికి అందింది. బాగా కాలిన మట్టికి మరణం లేదు. మన ప్రాంతపు కుమ్మరి చేతిలో రేపు రూపొందే కల్వం కూడా అటువంటి నమ్మకాన్ని నిలబెట్టాలి. దానిలో ఆవ నూరే ఇల్లాలికి పచ్చడి ఘాటు తప్ప మట్టి రుచి తెలియకూడదు. అదే ఆ శిల్పి నేర్పుకు నిజమైన గుర్తింపు.